నేలబారు స్పోర్ట్స్ కారును ఇంట్లో ఎలా లేపాలి?

ప్రశ్న: అన్నా, నమస్తే. మేం టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. ఈమధ్యే 2008 మోడల్ కార్వెట్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆటోమేటిక్. చిన్నప్పటి నుంచీ ఉన్న కోరిక. ఆయిల్ నేనే మార్చుకుందామని 3 టన్నుల జాకీ కొంటే అది కారు కిందకే దూరలేదు. డిక్కీలో వెతికితే కంపెనీ జాకీ కూడా లేదు. పక్కింటాయన సైడు అంచు కింద చెక్కముక్క పెట్టి లేపెయ్యమంటాడు. ఇంకో ఫ్రెండు సిమెంటు ఇటుకలు చాలంటాడు. వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. మా ఆవిడేమో "ఆ కారు కింద దూరితే ఊరుకోను, షాపులో ఇచ్చెయ్" అంటోంది. సేఫ్‌గా లేపే దారి ఉందా? అసలు ఇది ఇంట్లో చేసుకునే పనేనా?

సమాధానం: తమ్ముడూ, ఇంట్లో చేసుకునే పనే. అయితే మరదలి భయంలో న్యాయం ఉంది, కాబట్టి ఆమెకు కూడా నచ్చే దారే చెబుతాను.

ఇందులో ఆయిల్ మార్చడం తేలిక భాగం. ఒక బోల్టు, ఒక ఫిల్టరు, అంతే. ప్రమాదమంతా కారు పైకి లేవడంలోనూ, లేచాక అక్కడే నిలబడి ఉండడంలోనూ ఉంది. మీ కారు సుమారు 3,200 పౌండ్లు, అంటే దగ్గర దగ్గర 1,450 కిలోలు. అందులో సగం బరువు జారి మనిషి ఛాతీ మీద పడితే, ఒక్క ఎముక విరగకపోయినా ఊపిరి తీసుకోవడానికి ఛాతీ కదలదు. ఆ మనిషికి మిగిలేది కొద్ది నిమిషాలే. పెద్ద కారు కింద కాస్త ఖాళీ ఉంటుంది. మీ కారు కింద అదీ ఉండదు.

అందుకని నా సలహా ఇదీ: ఆయిల్ ఒక్కటే మార్చేటట్టయితే జాకీ జోలికే వెళ్లొద్దు. వాలు తక్కువగా ఉండే పొడవాటి చెక్క ర్యాంపులు చేసుకుని, ముందు చక్రాలను వాటి మీదకు ఎక్కించండి. జాకీలో నూనె, సీలు, వాల్వు ఉంటాయి. వాటిలో ఏది పాడైనా జాకీ దిగిపోతుంది. జాకీతో లేపాక కారును మోయడానికి పెట్టే ఇనుప స్టాండ్‌లో పళ్లు ఉంటాయి, అవి సరిగా పట్టకపోతే జారుతుంది. పొరలు పొరలుగా బిగించిన చెక్క దిమ్మలో కదిలే భాగమే లేదు. కారు తన టైర్ల మీదే, తన సస్పెన్షన్ మీదే నిలబడి ఉంటుంది. మరదలికి చూపించి ఒప్పించగలిగేది కూడా ఇదే.

ముందు మీ డిక్కీ సంగతి. మీ కారు జాకీని ఎవరో కొట్టేశారని అనుకోవద్దు. ఆ కార్వెట్‌కు స్టెప్నీ గానీ జాకీ గానీ కంపెనీయే ఇవ్వలేదు. గాలి పోయినా కొంత దూరం నడిచే రన్-ఫ్లాట్ టైర్లతో అమ్మారు. రోడ్డు పక్కన ఎవరూ లేపాల్సిన అవసరం రాదన్న లెక్కతో తయారైన బండి అది. పాత ఓనరు మామూలు టైర్లు వేయించి ఉంటే మాత్రం గాలి పోయినప్పుడు ఇబ్బంది పడతారు, టైరు పక్కన రాసి ఉన్నది ఒకసారి చదివి చూసుకోండి.

ఇక పక్కింటాయన సలహా. సైడు అంచు కింద చెక్క పెట్టి లేపడం పాత సెడాన్‌లకు సరిపోతుందేమో గానీ మీ కారుకు పనికిరాదు. మీకు బయటికి కనిపించే ఆ సైడు అంచు ఇనుము కాదు, పైన తొడిగిన ప్లాస్టిక్ లాంటి పానెల్. బరువు మోసే ఫ్రేమ్ దానికి లోపలి పక్కన ఉంటుంది. అంచు మీద జాకీ ఆనిందంటే పానెల్ పగులుతుంది. అది పగిలే క్షణంలో కారు జారుతుంది కూడా. ముందు చక్రం వెనక, వెనక చక్రం ముందు, ఫ్రేమ్‌లో పొడవాటి కన్నాలు ఉంటాయి. ఒక్కో పక్క రెండు, మొత్తం నాలుగు. బండిని ఎత్తాల్సింది అక్కడే. ఆ కన్నంలో దూర్చి పావు చుట్టు తిప్పితే పట్టుకునే గుండ్రటి ప్యాడ్‌లు దొరుకుతాయి. జాకింగ్ పక్ అంటారు వాటిని. ఖరీదు తక్కువ, ఇవాళే నాలుగు కొనండి. మీరు జీవితంలో జాకీ ముట్టుకోకపోయినా అవి గ్లవ్‌బాక్సులో ఉండాలి. టైర్లు మార్చడానికి షాపుకు తీసుకెళ్లినప్పుడు, లిఫ్టు మీదకు ఎక్కించే ముందే అక్కడి మనిషి చేతిలో పెట్టి, కన్నాలు ఎక్కడున్నాయో మీరే వంగి చూపించండి. ఈ బండ్ల సైడు పానెళ్లు ఇంటి దగ్గరే కాదు, షాపుల్లోనూ పగులుతాయి.

ఇంకో చోటు కూడా గుర్తుంచుకోండి. కింద నుంచి చూస్తే ముందూ వెనకా కారుకు అడ్డంగా, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పోయే వెడల్పాటి పట్టీ కనిపిస్తుంది. చూడ్డానికి బలంగా, జాకీకి భలే చోటు అనిపిస్తుంది. అది ఫైబర్‌గ్లాస్‌తో చేసిన లీఫ్ స్ప్రింగు. దాని మీద జాకీ పెట్టకూడదు. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఆయిల్ పాన్ కింద కూడా పెట్టకూడదు.

ఇక ర్యాంపులు. షాపుల్లో దొరికే మామూలు ర్యాంపులు మీకు పనికిరావు. వాటి వాలు ఎక్కువ. టైరు ర్యాంపును తాకకముందే బంపరు తాకుతుంది. తక్కువ వాలుతో స్పోర్ట్స్ కార్ల కోసమే చేసిన తేలికపాటి ఫోమ్ ర్యాంపులు ఉన్నాయి, మంచివే, ఖర్చుకు వెనకాడకపోతే కొనుక్కోండి. నాకు మాత్రం చెక్కవే ఇష్టం. బరువుగా ఉంటాయి, జారవు, ఎంత మోస్తాయో కంటికే తెలుస్తుంది.

చెక్క కొనే ముందు టేపు తీసుకుని రెండు కొలతలు తీయండి. ఒకటి, ముందు టైరుకు సరిగ్గా ఎదురుగా, కారు మూతి కింద గట్టి భాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది. వేలాడే నల్లటి రబ్బరు ఎయిర్ డ్యామ్‌ను లెక్కలోకి తీసుకోవద్దు. అది వంగుతుంది, కాస్త రాసుకున్నా ఫర్వాలేదు. రెండు, టైరు నేలను తాకే చోటి నుంచి మూతి కొస దాకా ఎంత దూరం. ఉదాహరణకు ఎత్తు 4 అంగుళాలు, దూరం 36 అంగుళాలు వచ్చాయనుకుందాం. అంటే 9 అంగుళాలు ముందుకు పోతే గానీ 1 అంగుళం పైకి లేవకూడదు. అంతకంటే నిటారుగా ఉంటే మూతి తగులుతుంది.

టెక్సస్‌లో హార్డ్‌వేర్ స్టోర్లలో దొరికే "టూ బై" చెక్కల అసలు మందం 2 అంగుళాలు కాదు, 1½ అంగుళాలు. పైన చెప్పిన లెక్కన ఒక్కో పొరకు కనీసం 13½ అంగుళాల మెట్టు కావాలి. కానీ మనం చేసేది నున్నటి వాలు కాదు, మెట్లు. టైరు మొదటి మెట్టు దగ్గర ఉన్నప్పుడే మూతి అవతలి మెట్ల మీదకు వెళ్లిపోతుంది. అందుకని మెట్టుకు 18 అంగుళాలు ఇవ్వండి. అప్పుడు ఏ దశలోనైనా మూతి కింద ర్యాంపు, టైరు ఉన్న మెట్టు కంటే 3 అంగుళాలకు మించి ఎత్తుండదు. 4 అంగుళాల మూతికి ఒక అంగుళం మిగులుతుంది. మీ కొలతల్లో ఎత్తు ఇంకా తక్కువొస్తే మెట్టు ఇంకా పొడుగు పెట్టాలి.

వెడల్పు దగ్గర చాలామంది తడబడతారు. టూ బై టెన్ తీసుకుంటే దాని అసలు వెడల్పు 9¼ అంగుళాలే, అంటే 235 మిల్లీమీటర్లు. మామూలు 2008 కార్వెట్ ముందు టైరు సైజు 245. టైరు చెక్క కంటే వెడల్పు! టూ బై ట్వెల్వ్ తీసుకోండి. అది 11¼ అంగుళాలు, దాదాపు 286 మిల్లీమీటర్లు ఉంటుంది. కార్వెట్‌లోనే ఇంకా శక్తివంతమైన జెడ్06 (Z06) మోడల్‌కు ఉండే 275 టైరు కూడా దాని మీద పడుతుంది.

నాలుగు పొరలు వేస్తే ఎత్తు 6 అంగుళాలు వస్తుంది. ఆయిల్ బోల్టు, ఫిల్టరు అందుకోవడానికి ఇది చాలు. అన్నిటికంటే కింది చెక్క 78 అంగుళాలు, దాని మీద 60, ఆపైన 42, అన్నిటికంటే పైన 24. ఈ నాలుగింటి వెనక కొసలు ఒకే వరుసలో ఉండాలి, మెట్లన్నీ కారు వచ్చే వైపుకు రావాలి. రెండు ర్యాంపులకూ కలిపి 12 అడుగుల చెక్కలు మూడు సరిపోతాయి. రెండు చెక్కల్లో ఒక్కోదాని నుంచి 78, 60 ముక్కలు వస్తాయి. మూడో దాని నుంచి 42 రెండు, 24 రెండు వస్తాయి. పొరకూ పొరకూ మధ్య చెక్క జిగురు రాసి, పొడవాటి స్క్రూలతో బిగించండి. మేకులు వద్దు, కొన్నాళ్లకు వదులవుతాయి. పై మెట్టు చివర టూ బై ఫోర్ ముక్క ఒకటి అడ్డంగా గట్టిగా బిగించండి. టైరు దానికి ఆనగానే సీట్లో ఉన్న మీకు తెలుస్తుంది. కొనేటప్పుడు చీలికలు, పెద్ద ముడులు లేని చెక్కలు ఏరుకోండి. వంకర తిరిగినవి పక్కన పెట్టండి.

ర్యాంపు అడుగున పల్చటి రబ్బరు మ్యాట్ ముక్కలు అంటించండి. మీ బండికి ఇంజిన్ శక్తి వెనక చక్రాలకు వెళ్తుంది. వెనక నుంచి తోసినప్పుడు ముందు టైరు ర్యాంపు ఎక్కకుండా దాన్నే ముందుకు నెట్టేసే అవకాశం ఉంది. ముఖ్యంగా గరాజ్ నేలకు నున్నటి ఎపాక్సీ పూత ఉంటే. కింది చెక్కను పొడుగ్గా పెట్టడంలో ఇంకో లాభం ఇదే. టైరు మొదటి మెట్టు ఎక్కగానే ఆ బరువే ర్యాంపును నేలకు అదిమి పడుతుంది, ఆ తర్వాత కదలదు.

ఎక్కించేది గరాజ్ లోపల కాంక్రీటు మీదే. డ్రైవ్‌వే వాలుగా ఉంటుంది. తారు నేల అయితే డాలస్ ఎండకు మెత్తబడుతుంది. గరాజ్ నేల కూడా నీళ్లు పోవడానికి తలుపు వైపు కొద్దిగా వాలు ఉంటుంది కాబట్టి "చదునే కదా" అని, టైర్లు దొర్లకుండా పెట్టే అడ్డుదిమ్మలు మానెయ్యకండి. ర్యాంపులు రెండూ టైర్లకు సూటిగా ఉన్నాయో లేదో వెనక నుంచి, ముందు నుంచి చూసుకోండి. స్టీరింగు తిన్నగా ఉండాలి. అద్దాలు దించి, రేడియో కట్టేసి, బ్రేకు మీద కాలు తేలిగ్గా ఉంచి ఎక్కించండి. ఒక్కో మెట్టుకూ కాస్త యాక్సిలరేటరు కావాలి, ఎక్కిన వెంటనే బ్రేకు. 430 హార్స్‌పవర్ ఇంజిన్ అది, తొందరపడితే చివరి అడ్డు కూడా దాటేస్తుంది. దారి చూపే మనిషి పక్కన నిలబడాలి. కారుకు ముందు గానీ, కారుకూ గోడకూ మధ్య గానీ ఎవరూ ఉండకూడదు. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు, అక్కడ నిలబడింది మామగారైనా సరే పక్కకు జరగమనండి.

టైర్లు పై మెట్టు మధ్యలో కూర్చున్నాక గేరు పార్కులో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఇంజిన్ ఆపండి. వెనక టైర్లు రెండింటికీ ముందూ వెనకా అడ్డుదిమ్మలు పెట్టండి. మీ కారు హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. పార్కు గేరు కూడా వాటినే బంధిస్తుంది. అవి రెండూ నేల మీదే ఉన్నాయి కాబట్టి ర్యాంపు పద్ధతిలో ఈ రెండు రక్షణలూ పూర్తిగా పనిచేస్తాయి. వెనక వైపు లేపినప్పుడు ఇవి ఉండవు. దాని సంగతి తర్వాత చెబుతాను. తర్వాత పక్కన నిలబడి కారును చేతులతో గట్టిగా ఊపండి. స్ప్రింగుల మీద ఊగాలి గానీ చెక్క మీద టైరు జరగకూడదు. తాళం ఫాబ్ మీ జేబులో పెట్టుకుని కింద దూరొద్దు. మీది బటన్‌తో స్టార్టయ్యే కారు, ఫాబ్ దగ్గర్లో ఉంటే పిల్లలు సరదాకి సీట్లోకెక్కి నొక్కినా ప్రమాదమే. లోపల వంటింట్లో పెట్టి రండి.

ఇక ఆయిల్ పని. దీని మీద ఎక్కువ చెప్పను. ఇంజిన్‌ను కొద్దిసేపు నడిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు దించండి. సలసల కాగేటప్పుడు కాదు. డ్రెయిన్ బోల్టుకు 15 మిల్లీమీటర్ల స్పానర్ పడుతుంది. బిగించేటప్పుడు ఎంత బలంతో బిగిస్తున్నారో చూపే టార్క్ రెంచ్ వాడండి, 18 పౌండ్-ఫుట్లు, అంటే 25 న్యూటన్ మీటర్లు. పాన్ అల్యూమినియం, బలమంతా చూపిస్తే మరలు పోతాయి. ఫిల్టర్ మీ ఎల్ఎస్3 ఇంజిన్‌కు ఏసీడెల్కో పీఎఫ్48. పాతది విప్పాక దాని రబ్బరు రింగు కూడా ఊడి వచ్చిందో లేదో చేత్తో తడిమి చూడండి. పాత రింగు ఇంజిన్‌కే అతుక్కుపోయి దాని మీద కొత్తది బిగిస్తే, స్టార్ట్ చేయగానే ఆయిలంతా నేల మీదకు చిమ్ముతుంది. ఆయిల్ 5డబ్ల్యు-30 సింథటిక్. మొదట 5 క్వార్టులు పోయండి. మిగతాది కారు దిగి చదునుగా నిలబడ్డాక, ఆయిల్ ఎంతుందో చూపే డిప్‌స్టిక్ చూసి కొంచెం కొంచెంగా పోయాలి. మూతి పైకెత్తి ఉండగా డిప్‌స్టిక్ నిజం చెప్పదు. పాత ఆయిల్‌ను డబ్బాలోకి వంచి ఆటోజోన్ గానీ ఒరైలీ గానీ పట్టుకెళ్తే ఉచితంగానే తీసుకుంటారు. డ్రెయిన్‌లో మాత్రం పోయొద్దు. ఒక్క కారు ఆయిల్ 10 లక్షల గ్యాలన్ల మంచినీళ్లను పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది.

సరే, ఏదో ఒక రోజు బ్రేక్ ప్యాడ్లు మార్చాలి, చక్రం విప్పాలి. అప్పుడు ర్యాంపు పనికిరాదు, జాకీ, స్టాండ్‌లు తప్పవు. అది వేరే రోజు పని. ఆయిల్ రెండు మూడు సార్లు మార్చి, కారు అడుగు భాగం కంటికి అలవాటయ్యాక మొదలుపెట్టండి. అయినా మీరు అడిగారు కాబట్టి చెబుతాను.

మీరు కొన్న జాకీని వాపసు ఇచ్చేయండి. మీకు కావాల్సింది లో-ప్రొఫైల్ జాకీ. తల అడుగుకు దిగినప్పుడు ఎత్తు మూడు, మూడున్నర అంగుళాలు ఉండేది. దానితో కూడా చేతి కర్ర ఊపడానికి చోటు చాలకపోతే, జాకీ పెట్టకముందే నాలుగు చక్రాలనూ ఒక్కో టూ బై ట్వెల్వ్ ముక్క మీదకు ఎక్కించండి. కారు మొత్తం 1½ అంగుళాలు లేస్తుంది. నేలబారు కార్లకు ఈ చిన్న ఉపాయమే సగం కష్టం తీరుస్తుంది.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. జాకీ పెట్టాల్సిన చోటు, స్టాండ్ పెట్టాల్సిన చోటు ఒకటే అయిపోతాయి. కన్నం దగ్గర జాకీ పెట్టి లేపారు, మరి స్టాండ్ ఎక్కడ పెడతారు? చాలామంది కారు గాల్లో ఉండగా ఈ ప్రశ్న వేసుకుంటారు. అప్పుడు కంగారులో దొరికిన చోట, సస్పెన్షన్ కిందో పానెల్ కిందో, స్టాండ్ దూర్చేస్తారు. ఏ పాయింటులో జాకీ, ఏ పాయింటులో స్టాండ్ అన్నది కారు నేల మీద ఉండగానే తేలాలి. లేపే పాయింటులోనే స్టాండ్ కూడా నిలబడేలా చేసిన రకాలు దొరుకుతున్నాయి. స్టాండ్ కాళ్ల మధ్యలోకి జాకీ వచ్చి లేపుతుంది, లేచాక జాకీ బయటికొచ్చేస్తుంది. మీ కారు లాంటి వాటికి నేను చెప్పేది ఇవే. ఖర్చు ఎక్కువే, కానీ ఆ చిక్కు పూర్తిగా పోతుంది.

జాకీ ఎత్తేటప్పుడు దాని చెయ్యి నిట్టనిలువుగా లేవదు, గుండ్రంగా తిరుగుతూ లేస్తుంది. అంటే తల పైకి పోతూ పోతూ పక్కకు కూడా జరుగుతుంది. ఆ జరుగుబాటుకు తగ్గట్టు జాకీ చక్రాలు నేల మీద దొర్లాలి. నేలలో పగులు ఉన్నా, రాయి అడ్డొచ్చినా, మెత్తటి తారులో చక్రం దిగబడినా జాకీ దొర్లదు. అప్పుడు తల కారు కింద జారుతుంది, లేదా కారునే లాగుతుంది. లేపే ముందు జాకీ దొర్లే దారి ఊడ్చి పెట్టుకోవాలి అనేది ఇందుకే.

వెనక వైపు లేపితే హ్యాండ్‌బ్రేకూ పోయింది, పార్కు గేరూ పోయింది, రెండూ పట్టేది గాల్లో ఉన్న చక్రాలనే. వెనక ఒక్క చక్రమే లేచినా పార్కు గేరును నమ్మొద్దు. వెనక చక్రాలు రెండింటినీ కలిపే డిఫరెన్షియల్ గేర్ల వల్ల గాల్లో ఉన్న చక్రం తిరిగితే నేల మీది చక్రం కూడా కదలగలదు. ముందు చక్రాలకు అడ్డుదిమ్మలే అప్పుడు మీకు దిక్కు. రెండు చక్రాలకూ, రెండు వైపులా పెట్టండి.

స్టాండ్‌లు కొత్తవి కొనండి, ఎవరో ఇచ్చిన పాతవి వద్దు. 2020లో హార్బర్ ఫ్రైట్ కంపెనీ తన పిట్స్‌బర్గ్ బ్రాండ్ 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్‌లను లక్షల సంఖ్యలో వెనక్కి పిలిచింది. పళ్ల మీద పట్టాల్సిన మీట సరిగా పట్టక, బరువు మీద ఉండగా స్టాండ్ జారే ప్రమాదం ఉందని. వాటి బదులు ఇచ్చిన కొన్నింటిలో వెల్డింగు లోపం బయటపడి, అవీ వెనక్కి తీసుకుంది. అమెరికాలో గరాజ్ సేళ్లలో అలాంటివి ఇప్పటికీ చేతులు మారే అవకాశం ఉంది. మీ దగ్గర ఆ బ్రాండువి ఉంటే ఐటెమ్ నంబరు చూసి, రీకాల్ జాబితాతో సరిపోల్చుకోండి. ఏ స్టాండ్ అయినా మీట మీద చేత్తో కిందకు కొట్టి, పన్ను పూర్తిగా పట్టిందని కంటితో చూశాకే బరువు దించాలి. అడ్డంగా పిన్ను దూర్చే రకమైతే ఇంకా మంచిది.

ఇటుకల మాట అసలు ఎత్తొద్దు. సిమెంటు బోలు ఇటుకలు గోడలో, వరుసలో, బరువు సమంగా పరుచుకున్నప్పుడు మోస్తాయి. ఒక్క చోట ఇనుము గుచ్చుకుంటే పగులుతాయి. అది కూడా ముందు చప్పుడు చేసి, వంగి చెప్పి కాదు. ఒక్కసారిగా పొడి అయిపోతాయి. మన ఊళ్లలో మెకానిక్ షెడ్లలో కార్లు ఇటుకల మీద నిలబెట్టడం మీరూ చూసే ఉంటారు. వాళ్ల ధైర్యం చూసి మనం నేర్చుకోవాల్సింది కాదది. చెక్క దిమ్మలు అలా కాదు, నలిగేటప్పుడు కిర్రుమంటాయి, కొంచెం టైమ్ ఇస్తాయి. స్టాండ్‌ల మీద ఉన్నప్పుడు విప్పిన చక్రాన్ని పడుకోబెట్టి ఫ్రేమ్ కిందకు దూర్చి ఉంచండి. స్టాండ్ జారినా కారు ఆ చక్రం మీద ఆగుతుంది, మీ మీద కాదు.

ఒక్క జాకీ మీద మాత్రమే ఉన్న కారు కిందకు చెయ్యి కూడా పెట్టకండి. జారిపోయిన బోల్టు తీసుకోవడానికైనా సరే.

మరదలికి ఒక మాట. మీరు కింద ఉన్నంతసేపూ ఆమె ఇంట్లో ఉండాలి, అప్పుడప్పుడు వచ్చి పిలవాలి. ఫోను మీ పక్కన, పడుకుని చెయ్యి చాపితే అందేంత దగ్గర ఉండాలి. ర్యాంపుల మీద చేస్తున్నా సరే, పైన చెప్పిన లో-ప్రొఫైల్ జాకీని, దానికి కావాల్సిన పక్‌ను కారు పక్కన సిద్ధంగా పెట్టండి. కారు కన్నంలో పక్ ఎలా పెట్టాలో, జాకీ కర్ర ఎలా ఊపితే లేస్తుందో, ఎటు తిప్పితే దిగుతుందో ఆమెతో ఒకసారి చేయించండి. ఏదైనా జరిగితే ముందు 911, ఫోను స్పీకర్ మీద పెట్టి వెంటనే జాకీ. చేతులతో లాగడానికి ప్రయత్నించి టైమ్ పోగొట్టుకోవద్దు. ఈ మాటలు మొహం ముందు చెప్పడానికి ఇబ్బందిగా ఉంటుంది. అయినా చెప్పండి. "నువ్వు దూరితే ఊరుకోను" అన్న మనిషికి ఏం చేయాలో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇన్ని కొలతలు, ఇంత వడ్రంగం వద్దనిపిస్తే షాపులో ఇవ్వడంలో తప్పేం లేదు. డబ్బు ఆదా కోసమే అయితే ఇంట్లో చేయడం వల్ల మిగిలేది కొద్దిగానే. మీరు వేసిన ఆయిల్ ఏదో మీకు తెలియడం, బండి కింద ఎక్కడ తడిగా ఉందో, ఏది వదులైందో మీ కళ్లతో చూసుకోవడం, ఇంట్లో చేస్తే వచ్చే లాభాలు ఇవి. డబ్బు పెట్టగలిగి, కార్ల పని నిజంగా కొనసాగించాలని ఉంటే క్విక్‌జాక్ లాంటి పోర్టబుల్ లిఫ్టులు ఉన్నాయి. కారు కిందకు పక్కల నుంచి దూర్చి, మీట నొక్కితే నాలుగు పాయింట్ల దగ్గరా సమంగా లేపుతాయి, లేచాక లాక్ పడతాయి. నేలలో బోల్టులు దిగగొట్టే పని లేదు. టెక్సస్ ఇళ్లలో చాలా వాటికి కాంక్రీటు స్లాబులో బిగించి లాగిన ఉక్కు కేబుళ్లు ఉంటాయి కాబట్టి గరాజ్ నేలను డ్రిల్ చేయకపోవడమే మంచిది.

ఇలాంటి ఉత్తరమే రాయాలనుకుంటున్న టొయోటా 86, సుబారు బీఆర్‌జెడ్ ఓనర్లకు ఒక ఊరట. మొదటి తరం బండ్లలో ఆయిల్ ఫిల్టర్ ఇంజిన్ పైనే, బానెట్ ఎత్తగానే అందేలా ఉంటుంది. డిప్‌స్టిక్ గొట్టంలోంచి ఆయిల్ లాగే పంపు కొనుక్కుంటే కారు లేపకుండానే పని అవుతుంది. కార్వెట్‌కు ఆ వెసులుబాటు లేదు తమ్ముడూ, ఫిల్టర్ కిందే ఉంది.

పని అయ్యాక ర్యాంపు మీద ఉండగానే ఇంజిన్ ఒక నిమిషం నడిపి, ఆపి, లైటు వేసి బోల్టు దగ్గర, ఫిల్టర్ దగ్గర తడి ఉందేమో పక్క నుంచి చూడండి. ఇంజిన్ నడుస్తుండగా కింద దూరొద్దు. తడి లేకపోతే అడ్డుదిమ్మలు తీసి, రివర్సులో మెట్టు మెట్టుగా దించండి. మర్నాడు పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ మళ్లీ చూడండి. చెక్క కోయించే ముందు మాత్రం మీ కారు మూతి కొలతలు రెండూ నాకు రాసి పంపండి. మెట్టు 18 సరిపోతుందా, ఇంకా పెంచాలా అన్నది చూసి చెబుతాను.